నార్సింగిలో మూడు మూటలు

ఇళ్లకు అల్మారాలు, వంటింటి అరలు బిగించే పనిలోకి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్లు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవం మీద ఒక మంచి సలహా చెప్పండి" అంటుంటారు. కొలత రెండుసార్లు తీసుకోండి, గోడ వంకర ఉందేమో చూసుకోండి లాంటివి చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న లేజర్ యంత్రమే చెబుతుంది. నేను చెప్పేది వేరు. ఇంటివాళ్లతో మాట్లాడేముందు వాళ్ల చెవులకు ఏముందో చూడండి. ఇది చెబితే నవ్వుతారు. నవ్వండి. ఆ రోజు నేను కూడా నవ్వాను, అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

నేను చేవెళ్ల వైపు మనిషిని. వడ్రంగం మా ఇంటి పని. నగరం గచ్చిబౌలి దాటి ఇటు పెరుగుతున్న రోజుల్లో కొండాపూర్‌లో ఒక ఇంటీరియర్ కంపెనీలో చేరి, చివరికి సైట్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. ఫ్లాట్ పెద్దదైనా చిన్నదైనా, అందులో ఉండేవాళ్లు నాతో అనే మొదటి మాట ఒకటే ఉండేది: "సామాను ఎక్కువైపోయిందండీ." ఆ మాట వింటే నాకు హుషారొచ్చేది. చిందరవందర అంటే నాకు పుట్టుకతోనే పడదు. "నువ్వు ఇంట్లకొస్తున్నవంటే చెప్పులు గూడ లైనుల నిలవడ్తయ్" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

నేను చెప్పబోయే ఇల్లు నార్సింగిలో, రెండో అంతస్తులో, రెండు పడగ్గదులది. గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్. భర్త ప్రాజెక్టు మీద పుణెలో ఉంటూ పదిహేను రోజులకోసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో ఉండేది కోడలు, అత్తగారు, మూడో తరగతి చదివే పాప. కోడలికి వారంలో మూడు రోజులు హైటెక్ సిటీలో ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని.

కొలతలకు వెళ్లిన రోజు తలుపు తీస్తే నాకు గోడలే కనపడలేదు. స్కూలు ప్రాజెక్టులకు పనికొస్తాయని దాచిన అట్టపెట్టెలు, మడత పెట్టని బట్టల కుప్ప, చక్రం ఊడిన చిన్న సైకిలు, బియ్యం డబ్బా మీద ప్రింటరు. భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉన్నాయి. దాని కింద పాత దుప్పట్లలో కట్టిన మూడు పెద్ద మూటలు.

"గివేంది పెద్దమ్మా?" అని అత్తగారిని అడిగాను.

"మా కోడలి బొంత" అందావిడ, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు.

కోడలు నవ్వి, ఒక మూట విప్పి చూపించింది. బొంత అంటే నాకు తెలిసింది చలికాలం కప్పుకునేది, పాతచీరలు పొరలుగా వేసి కుట్టేది. ఇది అలాంటిది కాదు. బట్టముక్కలతో ఒక వీధి మొత్తం కుట్టింది. ఇళ్లు, బాల్కనీలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, మలుపులో బస్సు, దాని కిటికీల్లో మొహాలు. ఆకాశం వాళ్ల నాన్నగారి తెల్లపంచె. బస్సు ఆవిడ పెళ్లినాటి ఎర్రచీర. ఒక బాల్కనీలో ఆరేసి ఉన్నది పాప మొదటి గౌను నుంచి కత్తిరించిన ముక్క. పాప పుట్టినప్పటి నుంచి కుడుతోందట, సగం అయిందట. మిగతా సగానికి కావలసిన ముక్కలన్నీ రంగుల వారీగా వేరుచేసి రెండు మూటల్లో కట్టింది. మాదాపూర్‌లో చేతిపనులు ప్రదర్శించే ఒక హాలువాళ్లు ఫోటోలు చూసి, ఉగాదిలోపు పూర్తిచేస్తే ఒక గోడ ఇస్తామన్నారట. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. పక్కగదిలో ఉన్న అత్తగారికి వినపడకూడదనో, తనకే ఇంకా నమ్మకం కుదరకో నాకు తెలీదు.

"అల్మారాలు మీ ఇష్టమండీ" అంది. "నాకు మాత్రం కిటికీ దగ్గర నాలుగడుగుల బల్ల ఒకటి కావాలి. తలుపులూ సొరుగులూ ఏమీ వద్దు. ఇప్పుడు శనివారం పొద్దున ఇవన్నీ పరుస్తానా, మధ్యాహ్నం అన్నాల వేళకి మళ్లీ మూట కట్టెయ్యాలి. కుట్టే టైము కన్నా పరిచే టైమే ఎక్కువైపోతోంది."

నేను పుస్తకం తీసి 'కిటికీ, బల్ల, 4' అని రాసుకున్నాను. నా చేత్తో రాశాను. ఆ వారంలో పుణె నుంచి భర్త ఫోన్ చేసి, "స్టోరేజ్ ఎంత వీలైతే అంత పెంచండి, ఇల్లు ఇల్లులా కనపడాలి" అన్నాడు. కిటికీ పక్కన నేల నుంచి స్లాబు దాకా ఒక అల్మారా గీస్తే చెప్పులు, సూట్‌కేసులు, మూటలు అన్నీ అందులోకి వెళ్లిపోతాయని నాకు తోచింది. అంత చక్కగా అమరుతుంటే బల్ల ఎందుకు? నేను రాసుకున్న మాట మీద నేనే గీత కొట్టేశాను. డ్రాయింగు భర్తకు పంపాను, ఆయన సరేనన్నాడు. ఆవిడను మళ్లీ అడగలేదు.

బిగింపు మొదలైంది గురువారం. నాతో మా హెడ్ కార్పెంటర్ వచ్చాడు. వనపర్తి వైపు మనిషి, చెవి మీద పెన్సిలు, నోట్లో మాట తక్కువ. ఇద్దరం పాతికేళ్లుగా కలిసి పనిచేశాం. నేను గీసిందాంట్లో తప్పుంటే అతను నాతో వాదించడు, రంపం కింద పెట్టి కూర్చుంటాడు. ఆ కూర్చోవడానికి నేను మేనేజరు తిట్లకన్నా ఎక్కువ భయపడేవాణ్ణి.

మధ్యాహ్నానికి భోజనాల బల్ల జరపాల్సి వచ్చింది, మూటలు అడ్డమొచ్చాయి. అప్పటికి నేను రోజుకు రెండు మూడు ఇళ్లు తిరుగుతున్నాను. వాటిలో ఏముందో కొలతలనాడు చూశానన్న సంగతి బుర్రలో లేదు. పాతబట్టలన్నదొక్కటే కళ్లకు కనపడింది. కోడలు పడగ్గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు. ఈ ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఒక మర్యాద అలవాటవుతుంది. వాళ్లు కాల్‌లో ఉంటే గొంతెత్తకూడదు, డ్రిల్లు ఆపాలి, ఏదైనా అడగాలంటే గుమ్మంలో నిలబడి సైగ చెయ్యాలి. నేను అలాగే గుమ్మంలో నిలబడ్డాను.

"మేడమ్, గీ పాతబట్టల మూటలు అడ్డమొస్తున్నయ్. ఎవరికన్న ఇచ్చెయ్యమంటరా?" అన్నాను మెల్లగా.

ఆవిడ నావైపే చూస్తున్నట్టుగా తల ఊపింది. బొటనవేలు కూడా పైకెత్తింది.

హాల్లోకి వచ్చేసరికి కార్పెంటర్ రంపం కింద పెట్టేశాడు. "అన్నా, ఆమె తల ఊపింది నీకేనా, కంప్యూటర్‌కా?"

"నాకు గాకపోతే నీకు ఊపిందా?" అని నవ్వాను.

"ఓపారి ఆ చెవులకున్నది తీపిచ్చి అడుగరాదు."

"కాల్‌ల ఉన్నది, పరేషాన్ జెయ్యొద్దు" అని, వంటింట్లోకి వెళ్లి అత్తగారితో, "పెద్దమ్మా, ఆ మూటలు ఇచ్చెయ్యమన్నది మేడమ్" అన్నాను. చూశారా, ఊపడం కాస్తా రెండు గదులు దాటేసరికి అనడం అయిపోయింది.

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "అమ్మాయే ఇచ్చెయ్యమందా?"

"అవును పెద్దమ్మా."

సరిగ్గా అప్పుడే కింద సందులో, పాతబట్టలకు స్టీలుసామాన్లిచ్చే ఆమె కేక వినపడింది. గురువారం గురువారం వస్తుందట. మూడు మూటలూ కిందికి దిగాయి. వాటిలో ఒకటి నేనే మోశాను. బదులుగా మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బా పైకి వచ్చింది. సాయంత్రానికి అల్మారా నిలబడింది. మూటలు పెడదామని గీసిన పై అర ఖాళీగా ఉందని కూడా నాకు తట్టలేదు. తలుపులన్నీ ఒకే గీతలో మూసుకుంటుంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాను.

శనివారం పొద్దున నేనూ కార్పెంటరూ చివరి బిగింపులకు వెళ్లాం. కోడలు తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని, కత్తెరా సూదిడబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, మూటలు ఏ అరలో పెట్టించారు?"

అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కోడలు కొత్త అల్మారా మొదటి తలుపు తెరిచింది. రెండోది తెరిచింది. స్టూలు తెచ్చుకుని పైవి కూడా తెరిచింది. నేను బిగించిన తలుపులు ఒక్కటీ కిర్రుమనలేదు. ఏదో ఒకటి గట్టిగా కిర్రుమని ఆ నిశ్శబ్దం చెదిరిపోతే బాగుండునని నాకనిపించింది.

"నేనే ఇచ్చేశానమ్మాయ్" అంది అత్తగారు గుమ్మం దగ్గర నుంచి. "స్టీలు సామాన్లావిడకి."

కోడలు స్టూలు దిగి నేలమీద కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. పాప వచ్చి, "అమ్మా, నా గౌను కూడానా?" అని అడిగింది. ఆవిడ ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.

నేనేం చేస్తున్నానంటారా? అప్పటికే బిగిసి ఉన్న ఒక మరను ఇంకా బిగిస్తున్నాను. నోరు తెరిచి, "నేను చెప్పిన, అందుకే ఇచ్చిన్రు" అంటే సరిపోయేది. కంపెనీకి ఫిర్యాదు వెళుతుందని, రిటైరయ్యే ముందు మచ్చ పడుతుందని భయం. అత్తాకోడళ్ల మధ్య సంగతి, వాళ్లే చూసుకుంటారులే అని ఒక సాకు. వ్యానులో తిరిగి వస్తున్నప్పుడు కార్పెంటర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దిగేముందు మాత్రం, "నువ్ జెప్తవనుకున్న" అన్నాడు. అంతే. నా సర్వీసు మొత్తంలో నన్ను అంతగా సిగ్గుపడేలా చేసిన మాట ఇంకోటి లేదు.

ఆదివారం పని లేకపోయినా వెళ్లాను. తలుపు తీసింది కోడలే. కూర్చోమంటే కూర్చోకుండానే చెప్పేశాను.

"మేడమ్, తప్పు పెద్దమ్మది కాదు. గురువారం నేను మిమ్మల్ని అడిగిన. మీరు తల ఊపిన్రు. మీరు ఇచ్చెయ్యమన్నరని నేనే పెద్దమ్మకు జెప్పిన."

ఆవిడ గురువారం సంగతి గుర్తు తెచ్చుకుంది. "గురువారం మధ్యాహ్నం మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ కాల్ అండీ. అందరూ ఓకేనా అని అడుగుతుంటే ఓకే అంటున్నాను. మీరు అక్కడ నిలబడ్డారని కూడా నాకు తెలీదు."

"ఆగవయ్యా" అంటూ అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటోంది గాని అవి తడిగా లేవు. "నువ్వు చెప్పిన మాట నిజమే. కానీ నేను నమ్మలేదు. అమ్మాయి అవి ఇచ్చెయ్యమనదని నాకు తెలుసు. కిందికి దించేముందు ఒక మూట విప్పి చూశాను కూడా. ముక్కలన్నీ రంగురంగులుగా వేరుచేసి పెట్టుకుంది. తెలిసే ఇచ్చాను. ఒక్కరోజు ఈ ఇంట్లో బల్ల ముందు కుర్చీ వేసుకుని అన్నం తిందామనిపించింది. ఎవరైనా అడిగితే చెప్పుకోడానికి నీ మాట ఒకటి దొరికింది కదా అని..." కాస్త ఆగి, కోడలి వైపు తిరిగింది. "మీ మామగారి లుంగీ కూడా అందులోనే ఉందని రాత్రి గుర్తొచ్చిందమ్మాయ్."

కోడలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒక్కసారి నా భుజం తట్టి, చెవులవి తియ్యమ్మా అని అడగలేకపోయారా? ఇద్దర్లో ఒక్కరైనా?"

మూటలు తీసుకెళ్లినామె ఎక్కడుంటుందో కనుక్కుందామని నేను కిందికి దిగాను.

వాచ్‌మన్‌ను అడిగితే, స్టీలు సామాన్లామె శేరిలింగంపల్లిలో రైలు పట్టాల వెనక బస్తీలో ఉంటుందన్నాడు. నేను స్కూటర్ మీద ముందు, వాళ్లు ముగ్గురూ ఆటోలో వెనక. అత్తగారి ఒళ్లో ఆ స్టీలు డబ్బా ఉంది. బస్తీలో ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఒక సందు మలుపు తిరిగామో లేదో, ఆటో ఆగకముందే కోడలు దిగి పరుగెత్తింది. రేకుల ఇంటి ముందు తాడు మీద ఆ వీధి మొత్తం వేలాడుతోంది. ఇళ్లు, బాల్కనీలు, బస్సు, అన్నిట్లోంచీ నీళ్లు కారుతున్నాయి. ఉతికి ఆరేశారు. ఎర్రచీర ముక్క రంగు దిగి, తెల్లపంచె ఆకాశం సగందాకా పాకింది.

ఇంట్లోంచి స్టీలు సామాన్లామె గాబరాగా బయటికి వచ్చింది. సంగతి విని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నాకేమెరుక తల్లీ! రెండు మూటల ముక్కలు నిన్ననే పోయినయ్. మెకానిక్ షెడ్లోళ్లు చేతులు తుడుసుకునేటందుకు కొంటరు. గిదొక్కటి మాత్రం ఇయ్యబుద్ధి కాలె. మా అమ్మ బొంతలు కుడుతుండె. దీన్ని జూస్తే ఆమె యాదికొచ్చింది. మనుమరాలికి పరుద్దామని ఉతికిన."

కోడలు తడి బొంతను రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆ రెండు రోజులదీ కలిపి ఏడ్చింది. నా కళ్లు కూడా ఆగలేదు, పక్కకు తిరిగి స్కూటర్ అద్దం తుడిచాను.

స్టీలు సామాన్లామె కాసేపు ఓపిక పట్టి, తర్వాత మెల్లగా ఒక మూల ఎత్తి చూపించింది. "గని తల్లీ, ఒకమాట జెప్త, ఏమనుకోకు. కుట్టు జర దూరందూరం వేసినవ్. ఒక్క ఉతుకుకే గిక్కడ ఊడింది జూడు. ముడి లోపటికి పోవాలె." అని లోపల్నుంచి సూది తెచ్చి, గుమ్మంలోనే కూర్చుని నాలుగు కుట్లు వేసి చూపించింది. కోడలు ముక్కు తుడుచుకుంటూ పక్కన చతికిలబడి చూసింది. అత్తగారు డబ్బా తిరిగి ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. "ఉండనీ పెద్దమ్మా. రెండు మూటలు నేను అమ్ముకున్న గద."

తిరిగి ఆటో ఎక్కేముందు కోడలు నాతో, "సగం దొరికింది, చాలండీ. మిగతా సగం మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఆ ముక్కలు ఇంక రావు. హాలువాళ్లకి రాలేనని చెప్పేస్తాను" అంది. కోపంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. మామూలుగా అంది.

సోమవారం నేనూ కార్పెంటరూ వెళ్లి కిటికీ పక్క అల్మారాను విప్పేశాం. కంపెనీలో మేనేజరు, కస్టమరు అడగకుండా బిగించింది విప్పే సూపర్‌వైజర్ని మొదటిసారి చూస్తున్నానన్నాడు. నేను కూడా మొదటిసారే చూస్తున్నానన్నాను. ఆ చెక్కతోనే నాలుగడుగుల బల్ల చేశాం. తలుపుల్లేవు, సొరుగుల్లేవు. చెప్పులు మళ్లీ గుమ్మం దగ్గరికి, సూట్‌కేసులు మళ్లీ మంచం కిందికి వెళ్లాయి. ఇల్లు మళ్లీ చిందరవందర. దాన్ని చూస్తే ఆ రోజు మాత్రం నా ఒంటికి దురద పుట్టలేదు. కొన్ని ఇళ్లలో మనం చెత్త అనుకునేది సగంలో ఆగిన పని అయి ఉండొచ్చని అప్పుడు తెలిసింది, రిటైర్మెంటుకు ఏడాది ముందు.

బల్ల చాలా రోజులు ఖాళీగానే ఉందని తర్వాత విన్నాను. పాప అక్కడ హోంవర్క్ చేసుకునేదట. ఒక గురువారం స్టీలు సామాన్లామె సందులో కేక వేసి, పైకి వచ్చి, ఒక సంచి ఆ బల్ల మీద పెట్టి వెళ్లిందట. ఊరందరి పాతబట్టల్లోంచి తను ఏరిన రంగులు. వాటిని వేరుచెయ్యడం మొదలుపెట్టింది అత్తగారట. కళ్లజోడు తెచ్చుకుని, ఎరుపొక పక్క, పసుపొక పక్క. "అలా కాదత్తయ్యా" అంటూ కోడలు వచ్చి కూర్చుందట. ఉగాది దాటిపోయింది. హాలువాళ్లు ఇంకో ఏడాది ఆగుతామన్నారు.

నా ఉద్యోగం చివరి వారంలో కోడలే ఫోన్ చేసింది. "మీ పాత చొక్కా ఒకటి ఇస్తారా అండీ? పనికి వేసుకున్నదే కావాలి."

ఆ తర్వాతి ఉగాది వెళ్లాక మాదాపూర్ హాలుకు మా ఆవిడను, కార్పెంటర్‌ను తీసుకుని వెళ్లాను. గోడ నిండా ఆ వీధి. మొదటి సగం వాళ్ల ఇల్లు, రెండో సగం ముక్కూమొహం తెలియని వాళ్ల చీరలు, లుంగీలు, స్కూలు యూనిఫారాలు. ఆకాశంలో ఎర్రమరక అలాగే ఉంది. తియ్యలేదు, పైగా దాని అంచునే కుట్టుకుంటూ పోయి సాయంత్రం చేసింది. మలుపులో తోపుడుబండి మీద స్టీలు గిన్నెలు. ఒక కిటికీలో చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లతో ఒకామె. ఆ పక్క గుమ్మంలో నిలబడ్డ మనిషి ఒళ్లంతా నా నీలిగళ్ల చొక్కా. జేబు విప్పకుండా ఉన్నదున్నట్టే కుట్టింది. పెన్సిలు అంటిన నల్లటి గీత కూడా అలాగే ఉంది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "గీ చొక్కా పారేసినవనుకున్న" అంది.

జనంలోంచి దారి చేసుకుంటూ కోడలు మా దగ్గరికి వచ్చింది. వెనకాలే అత్తగారు, ఎవరో అడిగినదానికి ముడి లోపలికి ఎలా పోవాలో చెబుతూ వస్తోంది.

"చూశారా? బాగుందా అండీ?"

నేను తల ఊపబోయి ఆగాను. పక్కన కార్పెంటర్ నన్నే చూస్తున్నాడు. గొంతు సవరించుకుని, నలుగురికీ వినపడేలా నోరు తెరిచి చెప్పాను.

"బాగుంది మేడమ్. చానా బాగుంది."

హాల్లో రొద ఎక్కువగా ఉంది. ఆవిడ చెవి మీద జుట్టు వెనక్కి తోసుకుని దగ్గరికి వంగింది. "వినపడలేదండీ, ఇంకోసారి చెప్పండి."

ఇంకోసారి చెప్పాను.